మూడవ ప్రకటన

క్రీస్తునందు ప్రియ సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ నా వందనాలు. ఈ సాక్ష్యం రాసి మన సంఘ పత్రికకు ఇచ్చి ఆరు నెలలయింది. "చూద్దామండీ ప్రకాశరావుగారూ" అన్నారు సంపాదకులవారు. ఆ తర్వాత ఆరు సంచికలు వచ్చాయి, ఒకే సహోదరుడి మోకాలి నొప్పి తగ్గిన సాక్ష్యం వాటిలో రెండుసార్లు అచ్చయింది, నాది ఒక్కసారి కూడా రాలేదు. ఎందుకు వేయలేదో నాకు తెలుసు. నేను రాశానంటే అందులో ఎవరో ఒకరి మీద ఫిర్యాదు ఉంటుందని మీ అందరి నమ్మకం. ఆ నమ్మకం తప్పని నేననను. అయితే ఈసారి ఫిర్యాదు నా మీదే, కాబట్టి మళ్ళీ రాసి ఇస్తున్నాను, దయచేసి వేయండి!

నేను ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో బొగ్గు సెక్షన్‌లో ముప్పై రెండేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఎవరు ఏ ఆదివారం నాకు వందనం చెప్పకుండా వెళ్ళిపోయారో, ఎవరి ఇంటి కూడికలో నాకు చివర టీ ఇచ్చారో ఈ రోజుకీ చెప్పగలను. అది జ్ఞాపకశక్తి అనుకునేవాణ్ణి, అది రోగమని తెలియడానికి ఏడేళ్ళు పట్టింది.

మా అమ్మ రాహేలమ్మను మీలో పెద్దవాళ్ళు ఎరుగుదురు. ముప్పై ఏళ్ళు మన మందిరం ఊడ్చింది, థర్మల్ చిమ్నీ నుంచి వచ్చే బూడిద బల్లల మీద పడితే తన చీర కొంగుతోనే తుడిచేది, ప్రతి ఆదివారం గంట తన చేతులతోనే కొట్టేది. మన సంఘంలో ఎవరు ప్రభువునందు నిద్రించినా గంట నెమ్మదిగా, ఒక్కొక్క దెబ్బే, ఊరంతా వినేలా మోగిస్తాం కదా. ఏడేళ్ళ క్రితం వానాకాలంలో అమ్మ పోయినప్పుడు, వందలమందికి మోగించిన ఆ గంట ఆమెకు మోగలేదు.

గంట గది తాళం సెక్రటరీ సుందరరావుగారి దగ్గర ఉండేది. ఆయనా నేనూ ఒకే షిఫ్టు, ఇరవై ఏళ్ళు ఒకే స్కూటరు మీద డ్యూటీకి వెళ్ళినవాళ్ళం. అమ్మ పోవడానికి నెల ముందు, సంఘం కుర్చీలు ఆయన తన చుట్టాల ఫంక్షన్‌కు ఎవరినీ అడగకుండా ఇచ్చాడని కమిటీలో నేను లేచి, "దొంగ చేతికే తాళాలిచ్చుకున్నాం" అన్నాను. అది మర్చిపోయి, అమ్మను మంచం మీద ఉంచి, తడుస్తూ తాళం కోసం ఆయన ఇంటికి వెళ్ళాను. ఆయన గేటు తీయలేదు. "నిండు కమిటీలో నన్ను దొంగన్నావు కదయ్యా ప్రకాశం. దొంగ దగ్గర తాళం ఏం అడుగుతావు? పోయి పోలీస్ స్టేషన్‌లో అడుగు" అన్నాడు. మా అమ్మను గంట లేకుండానే మోసుకెళ్ళాం. సమాధి దగ్గర అందరూ ఆదరణ పాట పాడుతుంటే నేను మనసులో సుందరరావుగారి గేటునే చూస్తూ నిలబడ్డాను.

సహోదరులారా, ఆ రోజు నుంచి నాకు చీకటి మొదలైంది! కమిటీకి ఉత్తరాలు రాశాను, సంఘ కాపరి అయ్యగారికి రాశాను, ఒక్కరూ జవాబివ్వలేదు. షుగరు పెరిగింది, బీపీ పెరిగింది, తిన్నది ఒంటికి పట్టేది కాదు. బెంజ్ సర్కిల్ దగ్గర పెద్ద డాక్టరుగారికి చూపించుకుంటే, "మీకు దేని గురించండీ ఇంత ఆలోచన?" అని అడిగారు, గంట గురించి అని చెప్పలేక మందులు రాయించుకుని వచ్చేశాను. రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గరకు వెళ్ళడం మానేశాను. ప్రభువు నేర్పిన ప్రార్థన అందరితో కలిసి చెప్పేవాణ్ణి గాని, మేము క్షమించినట్టే మమ్మల్నీ క్షమించమని అడిగే చోటికి వచ్చేసరికి దగ్గేవాణ్ణి. అది ఎవరికీ తెలియదనుకున్నాను. ఒక ఆదివారం మందిరం నుంచి నడిచొస్తూ నా భార్య మార్త, "సరిగ్గా ఆ ఒక్క మాట దగ్గరే మీకు దగ్గు ఎందుకొస్తుందండీ? ఏ టానిక్కు పట్టించమంటారు?" అని అడిగింది. ఆమె మీద కూడా రెండు రోజులు అలిగాను.

ఇక నా పాపం సంగతి చెప్పాలి. నాలుగేళ్ళ క్రితం సుందరరావుగారి అమ్మాయి గ్రేస్‌కు గన్నవరం అబ్బాయితో పెళ్ళి కుదిరింది. చిన్నప్పటి నుంచి మన క్వైర్‌లో పాడిన పిల్ల, నన్ను మావయ్యా అని పిలిచేది, మా అమ్మ ఒళ్ళో కూర్చుని గంట తాడు లాగిన పిల్ల. మూడు ఆదివారాలు పెళ్ళి ప్రకటన చదవడం, అభ్యంతరం ఉన్నవారు చెప్పాలని అడగడం మనకు ఆచారం. నాకు తెలిసి మన సంఘంలో ఎన్నడూ ఎవరూ లేవలేదు, అయ్యగారు ఆ మాట అడుగుతుంటే అందరం పాటల పుస్తకంలో తర్వాతి పాట వెతుక్కుంటూ ఉంటాం. మూడవ ఆదివారం నేను లేచాను. "అభ్యంతరం ఉందండీ అయ్యగారూ. పెళ్ళికొడుకు బాప్తిస్మం తీసుకోలేదని విన్నాను" అన్నాను.

నేను అలా వినలేదు! అంతకు రెండు వారాల ముందే గన్నవరం కూటాల్లో ఆ సంఘ కాపరిగారు, "మంచి కుర్రాడండీ, నా చేతులతోనే బాప్తిస్మమిచ్చాను" అని నాతోనే చెప్పారు. సర్టిఫికెట్ ఇంకా మన మందిరానికి చేరలేదని తెలిసి, ఆ సందు చూసుకుని అబద్ధమాడాను. అభ్యంతరం వచ్చాక కాగితం చూడకుండా పెళ్ళి చేయడానికి వీల్లేదన్నారు అప్పటి అయ్యగారు. ఆ కాపరిగారేమో ఊళ్ళో లేరు. కాగితం వచ్చేసరికి పది రోజులు పట్టింది, పెళ్ళికి పెట్టుకున్న గురువారం దాటిపోయింది. అబ్బాయి తరపువారు అవమానంగా భావించి, ఇక మీ మందిరంలో వద్దని గన్నవరంలోనే పెళ్ళి చేశారు. తను పాటలు పాడి పెరిగిన మందిరంలో పెళ్ళికూతురిగా అడుగుపెట్టే భాగ్యం ఆ పిల్లకు లేకుండా చేశాను.

ఆ ఆదివారమే మెట్ల మీద గ్రేస్ నాకు ఎదురొచ్చింది. ఏడవలేదు, అరవలేదు. "మావయ్యా, నేనేం చేశానండీ మీకు?" అని అడిగింది. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను. గంట మోగనందుకు బదులు తీర్చుకుని సుందరరావుగారి మీద గెలిచానని ఆ రోజు అనుకున్నాను, కాని ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు, ఆ తర్వాత ఎన్ని కూడికల్లో ఎంత గట్టిగా ప్రార్థన చేసినా నా మాట ఇంటి కప్పు దాటినట్టు అనిపించేది కాదు. ప్రభువా, నాకెందుకు జవాబివ్వవు అని ఆయన మీద కూడా ఫిర్యాదు చేశాను!

నిరుడు కొత్త అయ్యగారు వచ్చారు. ఇది ఈ ఏడాది ఈస్టరు ముందు సంగతి. మంచి శుక్రవారం సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలను ఏడుగురికి పంచుతారు కదా, పద్దెనిమిదేళ్ళుగా నాకు ఒక్క మాట కూడా ఇవ్వలేదని ఆయనకు చెప్పుకున్నాను. పాపం, ఆయనకు మా సంగతులేవీ తెలియవు. "అయితే మొదటి మాట మీరే చెప్పండి" అన్నారు. సంతోషంతో ఇంటికొచ్చి మార్తకు చెబితే, ఆమె చాటలో బియ్యం ఏరడం ఆపి, "మొదటి మాట ఏంటో గుర్తుందా అండీ?" అంది. తనను సిలువ వేసినవారిని క్షమించమని తండ్రిని అడిగిన మాట, సహోదరులారా! వారం రోజులు కూర్చుని నాలుగు పేజీలు రాశాను. బాగానే రాశాను. అందులో నా సంగతి ఒక్క ముక్క లేదు.

మిట్టమధ్యాహ్నం ఆరాధన మొదలైంది, మందిరం నిండిపోయింది. నేను వెళ్ళి నిలబడి కళ్ళజోడు సర్దుకుని చూస్తే, మూడవ వరుసలో సుందరరావుగారు, స్త్రీల వైపు గన్నవరం నుంచి వచ్చిన గ్రేస్, ఆమె ఒళ్ళో పాప. మొదటి పేజీ చదవబోతే దగ్గొచ్చింది. నీళ్ళిచ్చారు, తాగాను, మళ్ళీ దగ్గే. ఏడేళ్ళు నేను తెచ్చిపెట్టుకున్న దగ్గు ఆ రోజు దానంతట అదే వచ్చి నన్ను వదల్లేదు! అప్పుడు నాలో నేను ప్రార్థన చేశాను: "ప్రభువా, నాకు ఎవరూ జవాబివ్వలేదని ఇన్నేళ్ళు నీ దగ్గర మొరపెట్టుకున్నాను. ఆ పిల్ల మెట్ల మీద అడిగిన ప్రశ్నకు జవాబివ్వనివాణ్ణి నేనే. ఇప్పుడు నా నోరు తెరువు తండ్రీ!"

ఆయన తెరిచాడు. కాగితాలు మడిచి జేబులో పెట్టి, "అమ్మా గ్రేస్, నువ్వు నాకేమీ చేయలేదు. నీ పెళ్ళికి నేను చెప్పిన అభ్యంతరం అబద్ధం. అబద్ధమని తెలిసే చెప్పాను. దేవుని ఎదుట, సంఘం ఎదుట ఒప్పుకుంటున్నాను. నన్ను క్షమించమ్మా" అన్నాను. మూడు గంటల ఆరాధనలో నా మాట ఒక్క నిమిషం కూడా లేదు.

ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర గ్రేస్ వచ్చింది. "నాలుగు మాటలు చెప్పడానికి మూడున్నరేళ్ళు పట్టిందా మావయ్యా?" అని, నా చేయి పట్టుకుని ఏడ్చేసింది, నేనూ ఏడ్చాను. సుందరరావుగారు మా పక్కనుంచే తల తిప్పకుండా వెళ్ళిపోయారు.

ఆయనను ఆ క్షణమే క్షమించేశానని రాస్తే అది మరో అబద్ధం అవుతుంది. మా అమ్మకు గంట మోగించకపోవడం తప్పే, ఇప్పటికీ అదే అంటాను. తప్పు కాకపోతే క్షమించడానికి ఏముంది? కాని నిండు కమిటీలో ఆయనను దొంగ అన్న నోరు కూడా నాదే కదా. పునరుత్థాన ఆదివారం, ఈస్టరు తెల్లవారి ఆరాధనలో ప్రభువు నేర్పిన ఆ ప్రార్థన చెబుతుంటే, ఆ మాట ఎప్పుడు వచ్చిందో ఎప్పుడు దాటిందో నాకు తెలియలేదు, దగ్గు రాలేదు! మార్త నా వైపు తిరిగి చూసింది. ఆ రోజే బల్ల దగ్గర మోకరించాను. షుగరు ఇంకా ఉంది, మందులు వాడుతున్నాను, ముద్ద మాత్రం దిగుతోంది. దేవునికే మహిమ!

ఇది చదువుతున్న ప్రియమైనవారలారా, మీ గొంతులో ఏ మాట దగ్గర దగ్గొస్తుందో మీకు తెలుసు. ఆ చోట ప్రభువును పిలవండి, ఆయన మనలా గేటు వేసుకుని కూర్చునేవాడు కాడు.

చివరగా సుందరరావుగారికి. ఈ పత్రిక మీ ఇంటికి వస్తుందని, మీరు అట్ట నుంచి అట్ట దాకా చదువుతారని నాకు తెలుసు. ఈస్టరు మర్నాడు మీ గేటు దగ్గరకు వచ్చి, దొంగ అన్నందుకు, మీ బిడ్డ పెళ్ళి చెడగొట్టినందుకు క్షమించమని అడిగాను, మీరు లోపలికి వెళ్ళిపోయారు. అది మొదటి ప్రకటన. ఉత్తరం రాసి గ్రేస్ చేతికిచ్చి పంపాను, చదివి బల్ల మీద పెట్టారని చెప్పింది. అది రెండవది. సంఘమంతా చదివే ఈ కాగితంలో మూడవసారి ప్రకటిస్తున్నాను: సుందరం, మా అమ్మ గంట విషయం నేను విడిచిపెట్టాను, నన్ను నువ్వు క్షమించు. అభ్యంతరం ఉంటే లేచి చెప్పు. లేకపోతే లేదని చెప్పు. వచ్చే ఆదివారం మెట్ల దగ్గర నిలబడి ఉంటాను, ఈసారి చెప్పులు వేసుకుని వెళ్ళిపోను. జవాబు చెప్పు.