మా ఆవిడ చేసిన పిజ్జా

ఆ ఆదివారం బెల్లు మోగేసరికి నా మోచేతుల దాకా మైదా అంటుకుని ఉంది.

మేముండేది మయూర్ విహార్‌లో. మా ఆవిడది కేంద్ర ప్రభుత్వంలో ఉద్యోగం. నాది నోయిడాలో ఒక ప్రైవేటు కంపెనీలో ఉండేది. ఆ ఏడు వేసవిలో మా విభాగం మొత్తాన్ని తీసేశారు. ఎవరైనా అడిగితే ఇంటి నుంచే పని చేస్తున్నానని చెప్పేవాణ్ణి. నిజానికి పొద్దున్నే ఆమెకి క్యారియర్ సర్ది పంపాక, నాలుగు చోట్ల అప్లికేషన్ పెట్టి జవాబు కోసం ఎదురుచూడడం తప్ప నాకు పని లేదు. ఆ ఖాళీలో వీడియోలు చూసి సోర్‌డో బ్రెడ్డు చేయడం పట్టుకున్నాను. సీసాలో గోధుమపిండి, నీళ్లు కలిపి, రోజూ కాస్త తీసేసి కొత్త పిండి వేస్తుంటే అది తనంతట తానే పులిసి పొంగుతుంది. దాన్ని స్టార్టర్ అంటారు. అలా తీసేసింది పారేయబుద్ధి కాక ఫ్రిజ్‌లో దాచి, ఆదివారాలు దాంతో పిజ్జా చేసేవాణ్ణి. చలికాలం కదా, పిండి ముందురోజే కలిపి పాత శాలువా కప్పి ఉంచితేగానీ పొంగదు.

తలుపు కంతలోంచి చూస్తే మా ఆవిడ పై అధికారి, ఆయన భార్య నిలబడి ఉన్నారు. ఆయనది కాకినాడ వైపు. కొడుకు పెళ్లికి పిలవడానికి వచ్చారు. గబగబా ఏప్రన్ విప్పి, చేతులు కడుక్కుని తలుపు తీశాను. వంటింట్లోంచి వెల్లుల్లి, టమాటా ఉడుకుతున్న వాసన వస్తోంది. ఏం చేస్తున్నారని ఆయన నవ్వుతూ అడిగారు.

"మా ఆవిడ పిజ్జా చేస్తోందండీ," అన్నాను.

సరిగ్గా అప్పుడే తను బాల్కనీలోంచి ఆరిన బట్టలు చేతులనిండా పట్టుకుని వచ్చింది. నేనన్నది వింది. ఒక్కసారి నావైపు చూసి, బట్టలు లోపల మంచం మీద పడేసి, వాళ్లకి నమస్కారం పెట్టి వంటింట్లోకి వెళ్లింది.

ఆ పిండిని తను అంతకుముందు ఎప్పుడూ ముట్టుకోలేదు. అది బాగా జారుగా ఉంటుంది. చేతులు తడి చేసుకుని, లోపలి గాలి పోకుండా వేళ్లతో మెల్లగా పరవాలి. హాల్లో కూర్చున్న నాకు చపాతీ కర్ర చప్పుడు వినబడింది. చేతికి అంటుకుంటోందని ఇంకా మైదా పోసి, చపాతీ ముద్దలా గట్టిగా చేసి ఒత్తుతోందని అర్థమైంది. లేచి వెళ్తే రెండు నిమిషాల పని. కానీ సార్ రోజంతా ఎలా గడుస్తోందని అడుగుతున్నారు. ఇప్పుడంతా ఇంటి నుంచేనండీ అని జవాబు చెబుతూ కూర్చున్నాను.

పిజ్జా అట్టముక్కలా వచ్చింది. ఆ పెద్దావిడ రెండు చేతులతో విరవాల్సి వచ్చింది. మా ఆవిడ మొహం ఎర్రబడింది. ఇవాళ సరిగ్గా కుదరలేదండీ, ఏమీ అనుకోకండి అంది. నేను అక్కడైనా ఊరుకోవలసింది.

"ఎప్పుడూ బాగానే చేస్తుందండీ," అన్నాను.

సార్ మాత్రం ఇష్టంగానే నములుతూ, తమ ఇంట్లో ఆదివారాలు వంటిల్లు తనదేనని, పెసరట్లు తనే వేస్తానని, ఆ కాసేపూ ఆవిడ పేపరు చదువుకుంటుందని చెప్పారు. అందులో దాచుకోవలసినదేదీ ఆయనకి కనబడలేదు. నేను ప్లేటులోకి చూస్తూ కూర్చున్నాను. మాటల్లో అది ఇంట్లోనే పులియబెట్టిన పిండి అని తెలిసి, వెళ్తూ వెళ్తూ ఆవిడ, ఆ పులిసిన పిండి కాస్త పంపించమ్మా, నేనూ చేసి చూస్తానంది. అలాగేనండీ అంది మా ఆవిడ.

వాళ్లు వెళ్లాక తను మంచం మీది బట్టలు మడతపెట్టుకుంది. మర్నాడు ఆఫీసుకి వెళ్తూ, ఆ పిండి కాస్త సీసాలో వేసి మీరే ఇచ్చి రండి, ఎలా వాడాలో అడిగితే నేను చెప్పలేను అంది.

వాళ్ల ఇల్లు ఫరీదాబాద్‌లో. మెట్రోలో సీసా ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. సార్ ఆఫీసులో ఉన్నారు. ఆవిడ సీసా మూత తీసి వాసన చూసి, ఇప్పుడేం చేయాలి బాబూ అని అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను. ఎంత పిండి వేయాలో, చలికి ఎక్కడ పెట్టాలో, పొంగిందని ఎలా తెలుస్తుందో, పిజ్జాకి ఎంత జారుగా కలపాలో. చేతులు తిప్పుతూ చాలాసేపే చెప్పాను. కర్ర మాత్రం అసలు వాడకూడదండీ అని కూడా అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది.

"అచ్ఛా. అంటే నిన్న పిండి కలిపింది మీరు, ఒత్తింది మీ ఆవిడా?"

అవునండీ అన్నాను. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లింది. టీ పెట్టి, బిస్కెట్లు ముందుంచి, పెళ్లి ఏర్పాట్ల గురించి మాట్లాడింది. నిలదీసి ఉంటే ఏదో ఒకటి చెప్పుకునేవాణ్ణి.

సాయంత్రం మా ఆవిడ బఠాణీలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని జరిగింది చెప్పాను. తప్పయిపోయిందన్నాను.

"పిజ్జా గురించి కాదండీ. మావారు రోజూ నాకు క్యారియర్ కట్టి ఇస్తారని లంచ్‌లో అందరికీ గొప్పగా చెప్పుకుంటాను. మీకది సిగ్గుగా ఉందని నాకు తెలీదు," అంది.

సార్‌కి ఫోన్ చేసి ఉద్యోగం సంగతి కూడా చెప్పేస్తానన్నాను. నా కోసమైతే వద్దంది.

పెళ్లిలో భోజనాల దగ్గర నేనే ఆయన పక్కకి వెళ్లి చెప్పాను. వేసవి నుంచీ ఉద్యోగం లేదనీ, వెతుక్కుంటున్నాననీ, ఇంట్లో వంట నాదేననీ. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, మీ ఆవిడ వేసవిలోనే చెప్పిందయ్యా, ఇంతకీ తిన్నారా లేదా అని అడిగారు. ఇంకా లేదన్నాను. ఆయనే దగ్గరుండి నన్ను బంతిలో కూర్చోబెట్టారు. ఎదురు వరసలో మా ఆవిడ ఎవరితోనో మాట్లాడుతూ తింటోంది. వడ్డన పూర్తయ్యేదాకా ఆమె వైపు తలెత్తి చూడలేకపోయాను.