సంతాప సభకు చిలకపచ్చ పట్టుచీర

అమెరికాలోని హెర్న్‌డన్‌లో మేము అద్దెకున్న అపార్ట్‌మెంట్లో మా కింది ఇంట్లో ఒకావిడ ఉండేది. రువాండా మనిషి, నలభై దాటిన నర్సు. మొదటిసారి ఆవిడ మా తలుపు తట్టింది ప్రెషర్ కుక్కర్ గురించి. పైన రోజూ పొద్దున్నే ఎవరో రైలు నడుపుతున్నారనీ, అది ఏ ఊరు వెళ్తుందో చెబితే తానూ ఎక్కుతాననీ అంది. నేను సిగ్గుపడిపోయి, అప్పుడే ఉడికిన పప్పు గిన్నెలో పోసిచ్చాను. సాయంత్రానికి ఆ గిన్నె చిక్కుడుగింజల కూరతో నిండి తిరిగొచ్చింది. స్నేహం కుదిరిపోయింది.

ఏప్రిల్‌లో ఒకరోజు మావారు పార్కింగ్ నుంచి పైకొస్తూనే కబురు చెప్పారు.

"కింది ఆంటీ సండే పిలిచింది. వాళ్ళ రువాండా వాళ్ళంత హాల్‌ల కలుస్తరంట. పాటలు, క్యాండిల్స్, డిన్నర్."

"ఏం ఫంక్షనండీ?"

"ఏప్రిల్ గదా, న్యూ ఇయర్ ఉంటది. మన ఉగాది లెక్క."

"ఆవిడ అలా చెప్పిందా?"

"నేను ఆఫీస్ కాల్‌ల ఉంటిని. ఒక చెవిల ఆమె, ఒక చెవిల మేనేజర్."

ఆ మొదటి చెవిని నమ్మి నేను చిలకపచ్చ పట్టుచీర కట్టాను, గులాబీ అంచుది. రెండు చేతులకీ నిండుగా గాజులు. మావారు జరీ పని చేసిన కుర్తా వేసుకున్నారు. పెద్ద ట్రే నిండా పులిహోర కలిపాను.

హాల్ తలుపు తీసేసరికి లోపల నిశ్శబ్దం. అందరూ బూడిదరంగు, నలుపు బట్టల్లో తలలు వంచుకుని కూర్చుని ఉన్నారు. ముందు కొవ్వొత్తులు, గోడ మీద పాతబడిన ఫొటోలు. ఆ ఫొటోల్లో నవ్వుతున్న పిల్లలు. ట్రే కిందికి దించబోయాను, గాజులన్నీ ఒక్కసారిగా మోగాయి.

"న్యూ ఇయర్ కాదండీ ఇది," అన్నాను పళ్ళు బిగించి.

"తెలుస్తనే ఉంది. కూసో," అన్నారు మావారు.

చివరి వరుసలో కూర్చుని, ఒకాయన మాట్లాడుతుంటే విన్నాం. 1994లో వాళ్ళ దేశంలో టుట్సీ జాతివాళ్ళను వెతికి వెతికి చంపారు. ఎవరు టుట్సీయో గుర్తింపు కార్డులోనే రాసి ఉండేది. రేడియోలో వాళ్ళను బొద్దింకలన్నారు. నిన్నటిదాకా పక్కింట్లో ఉన్న హుటూ జాతివాళ్ళే కత్తులు పట్టుకొచ్చారు. లక్షల మంది పోయారు.

తర్వాత మా కింది ఇంటావిడ లేచింది. కాగితం విప్పి, అమ్మ, నాన్న, ఇద్దరు తమ్ముళ్ళు అని మొదలుపెట్టి తలెత్తింది. నన్ను చూసింది. మావారి కుర్తా చూసింది. పెదవులు బిగబట్టింది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని నాకు దుఃఖం ముంచుకొచ్చింది. కానీ ఆవిడ నవ్వుతోంది.

"క్షమించండి. వాళ్ళు మా పైయింటివాళ్ళు. పెళ్ళికి వచ్చినట్టున్నారు," అంది ఇంగ్లీషులో.

తలలన్నీ మా వైపు తిరిగాయి. మావారు మర్యాదగా నమస్కారం పెట్టేశారు. ముందు వరుసలో ఒక ముసలాయన కిసుక్కుమన్నాడు. హాల్ అంతా నవ్వింది.

ఆవిడ కాగితం మడిచేసింది. రాసుకొచ్చింది వదిలేసి మరొకటి చెప్పింది. అప్పటికి తను చిన్నపిల్ల. పక్కింటి హుటూ ముసలమ్మ తనను వంటింటి అటక మీద జొన్న బస్తాల వెనక దాచింది. ముగ్గురు మనుషులు కత్తులతో వచ్చారు. సరిగ్గా అప్పుడే ఈ పిల్లకు తుమ్మొచ్చింది. తుమ్మేసింది! కింద ముసలమ్మ వెంటనే తనూ తుమ్మడం మొదలుపెట్టింది, ముక్కుకు చెయ్యైనా అడ్డం పెట్టకుండా, సరాసరి వాళ్ళ మొహాల మీదే. వాళ్ళు తిట్టుకుంటూ మొహాలు తుడుచుకుంటూ పోయారు.

"వాళ్ళు వెళ్ళాక అటక వైపు చూసి, ఇంకో తుమ్ము తుమ్మావంటే నేనే చంపుతా అంది. నాకు నవ్వొచ్చింది. నోట్లో గుడ్డ కుక్కుకుని నవ్వాను. మావాళ్ళు ఇక లేరని నాకింకా తెలియదు."

హాల్లో నవ్వినవాళ్ళే కళ్ళు తుడుచుకున్నారు. నా పక్కావిడ నా గాజుల చెయ్యి గట్టిగా పట్టుకుంది.

భోజనాల దగ్గర ఆవిడ మా దగ్గరికొచ్చింది. ఇంటికెళ్ళి బట్టలు మార్చుకొస్తానన్నాను.

"ఆ మాటే వద్దు. మా అమ్మ ఉంటే ముందు నీ చీర అంచు పట్టుకుని నేత చూసేది. ఆ తర్వాత నన్ను తిట్టేది, అమ్మాయంటే ఇలా ఉండాలి, నువ్వెప్పుడూ గోనెసంచిలా తయారవుతావు అని."

అన్నాళ్ళ స్నేహంలో వాళ్ళమ్మ కబుర్లు ఆవిడ నోట అదే మొదటిసారి వినడం. పులిహోర రెండుసార్లు వడ్డించుకుని, మిరపకాయలు ఏరి మావారి ప్లేట్లో పడేస్తూ, ఆవిడ వాళ్ళమ్మ గురించి చెబుతూనే ఉంది. అమ్మ బుట్టలు అల్లేదట, పాట మాత్రం దారుణంగా పాడేదట. ఆ పాట ఎలా ఉండేదో మాకు పాడి వినిపించింది. నిజంగానే దారుణంగా ఉంది.