ఇప్పలమెట్ల వారి ఆడపడుచు

ఉదయం ఆరుంబావుకు హనుమకొండ బస్టాండులో కాళేశ్వరం బస్సు ఎక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు చేతిలో పెట్టాడు. ఆడవాళ్లకు బస్సు ఉచితమైనప్పటి నుంచి మా అన్నయ్య నాకు పనులు చెప్పడం ఎక్కువైంది. "నీకెట్లాగూ ఖర్చు లేదు గదా" అని మొదలుపెడతాడు. ఇదివరకు చెప్పినవి పసుపు కొనుక్కురా, ఫలానా డాక్టరుకు రిపోర్టు చూపించిరా లాంటివి. ఈసారి మా ఇంటి పేరు ఎక్కడ పుట్టి ఎక్కడెక్కడికి పోయిందో కనుక్కుని రమ్మన్నాడు.

మా ఇంటి పేరు అంటున్నాను గాని, అది ఇప్పుడు నాది కాదు. పెళ్లిపందిట్లో దాన్ని వదిలేసి మా ఆయనది తగిలించుకున్నాను. కార్డులోనూ ఆయనదే ఉంది. పుట్టింటి పేరు ఇప్పలమెట్ల. దాన్ని మోస్తున్న అన్నయ్య ఇంట్లో కూర్చుంటే, వదిలేసిన నేను దాని వెంట పడి బస్సెక్కాను.

ఇదంతా అన్నయ్య కూతురు శ్రావ్య వల్ల వచ్చింది. హైదరాబాదులో తనతో పనిచేసే రాకేశ్‌ను చేసుకుంటానంది. అబ్బాయిది మహారాష్ట్ర సిరొంచ, ఇంట్లో తెలుగే. అన్నయ్యకు అన్నీ నచ్చాయి. అబ్బాయి పూర్తి పేరు అడిగేదాకా నచ్చాయి. రాకేశ్ ఇప్పలమెట్లవార్.

"ఒకే ఇంటి పేరంటే అన్నాచెల్లెళ్లు" అన్నాడు అన్నయ్య.

"ఆయన పేరు చివర వార్ ఉంది గదా నాన్నా" అంది శ్రావ్య.

"తోక ఉంటే మాత్రం? రెండిళ్లూ వేరని తేలితేనే పెళ్లి. ఒకటేనని తేలితే ఆ పిల్లగాడికి రాఖీ కట్టు."

శ్రావ్య మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. దాని ముఖం చూడలేక నేను ఒప్పుకున్నాను. అన్నయ్యనే వెళ్లమంటే, "వాళ్లింట్లో నీళ్లు తాగితే చుట్టరికం ఒప్పుకున్నట్టే" అన్నాడు. నేను తాగితే ఫరవాలేదట. రాకేశ్ ఇంకా ఇంట్లో సంగతి చెప్పలేదు. హనుమకొండ నుంచి ఒక మేడం వస్తోంది, ఆమె పుట్టింటి పేరూ మనదే, మన పెద్దల గురించి తెలుసుకుంటుందట అని మాత్రమే ఫోన్ చేశాడు. తెలివైన పని అనుకున్నాం నేనూ శ్రావ్యా.

పరకాలలో టీ, భూపాలపల్లిలో మరో టీ. కాటారం దాటాక అడవి మొదలవుతుంది, రోడ్డు బాగుంది. నా పక్కన మహదేవ్‌పూర్ దిగాల్సిన ఒకామె ఒళ్లో రెండు కోళ్లను పెట్టుకుని కూర్చుంది.

"ఏడికి పోతున్నవ్ అక్కా?"

"సిరొంచకు."

"సుట్టాలున్నరా?"

"లేకుంటే బాగుండునని పోతున్న" అన్నాను. ఆమె కోళ్లను కొంచెం అటువైపు జరుపుకుంది.

పదిన్నరకు కాళేశ్వరం. గుళ్లోకి వెళ్లి, స్వామీ, ఆ ఇల్లు వేరు ఈ ఇల్లు వేరు అని తేల్చు అని మొక్కుకున్నాను. మొక్కాక గుర్తొచ్చింది, అక్కడ ఒకే పానవట్టం మీద రెండు లింగాలుంటాయి. ఈ పనికి మొక్కవలసిన గుడి ఇది కాదు. బయటికొచ్చి ఇడ్లీ తిన్నాను, వేడిగా బాగున్నాయి.

గోదావరి వంతెన మీదుగా సిరొంచకు షేర్ ఆటోలు దొరుకుతాయి. నిండేదాకా కదలవు, నిండాక కూడా ఇద్దరిని ఎక్కించుకుంటాయి. దారిలో ఫోన్ తీసి, ఇంటి పేరు మీద నేను చేసిన పరిశోధన ఒకసారి చూసుకున్నాను. నదికి ఇవతల మేమున్నాం, మంథని దగ్గర రెండిళ్లున్నాయి. అంతే. అవతల మాత్రం వార్ తగిలించుకుని అహేరి, చామోర్షి, నాగపూర్, పుణె దాకా పాకింది. ఒకాయన దుబాయిలో ఏసీలు బాగుచేస్తున్నాడు, ఫోటోలో ఒంటె పక్కన నిలబడ్డాడు. ముక్కు అచ్చం మా అన్నయ్యదే. ఆ ఫోటో నేను ఇంట్లో చూపించలేదు.

"గీ వార్ ఎట్ల వస్తది?" అని ఆటోలో పక్కాయనను అడిగాను.

"ఇంట్ల మేము పలానోళ్లం అంటం. బడిల మరాఠీ గురూజీ వార్ అని రాసుకుంటడు. నది దాటినంక అందరికి తగుల్తది. నువ్వు గూడ నాలుగు దినాలుంటే నీకూ తగుల్తది" అన్నాడు.

సిరొంచలో బోర్డులన్నీ మరాఠీలో ఉంటాయి, వాటి కింద బేరాలన్నీ తెలుగులో జరుగుతాయి. బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకుని, సాయంత్రానికల్లా పని ముగించి, మర్నాడు మహారాష్ట్ర వాళ్ల ఎస్టీ బస్సులో ఆడవాళ్లకిచ్చే అర టికెట్టు మీద అహేరి వెళ్లి, అటునుంచి కమలాపూర్‌లో ఏనుగులను చూద్దామని నా ఆలోచన. లాడ్జి మెట్లెక్కుతుండగానే వెనకనుంచి ఎవరో నా సంచి లాక్కున్నారు.

"చెల్లె! అన్న ఇల్లుండంగ లాడ్జిల ఉంటవా? ఊరోళ్లు నా మొకాన ఉమ్మరా?"

ఆయనే సమ్మయ్య, రాకేశ్ తండ్రి. అరవై ఏళ్లుంటాయి. తెల్లటి మీసం, భుజాన తువ్వాలు. రాకేశ్ పంపిన నా ఫోటో పట్టుకుని పొద్దుటి నుంచి బస్టాండులో కాపలా ఉన్నాడట. చెల్లె అన్న ఆ మొదటి మాటకే నేను సంచి వెనక్కి లాగబోయాను, ఆయన వదల్లేదు.

ఊరి చివర, వరి మడుల పక్కన వాళ్లిల్లు. గుమ్మంలో ఆయన భార్య లక్ష్మి చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె పుట్టిల్లు అహేరి. "రా వదినె, కాళ్లు కడుక్కో" అంది. అప్పటికి పావుగంటలోనే నేను ఒకరికి చెల్లెను, ఒకరికి వదినెను అయ్యాను. ఇంకాసేపుంటే రాకేశ్‌కు మేనత్తను కూడా అయ్యేటట్టున్నాను, అది అయితే శ్రావ్య పని అయిపోయినట్టే.

మధ్యాహ్నం భోజనం వంకాయలో ఎండుచేపలు, పప్పుచారు, కొత్త బియ్యం అన్నం. తింటుండగా సమ్మయ్య వాళ్ల మూలపురుషుడు వీరయ్య కథ ఎత్తుకున్నాడు. వీరయ్య నిండు గోదావరిని ఈదుకుంటూ వచ్చి ఇక్కడ అడవి కొట్టి పొలం చేశాడట. మజ్జిగ పోసుకునేసరికి వీరయ్య భుజం మీద నాగలి చేరింది. సాయంత్రం టీ వేళకు వెనకాల పులి కూడా ఈదుకుంటూ వచ్చింది.

"మరి పులిని ఏం చేసిండు?" అన్నాను.

"ఒడ్డెక్కినంక చూసుకుందాం అన్నడట" అన్నాడు సమ్మయ్య గంభీరంగా. లక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లింది.

నాకు భయం పట్టుకుంది. ఎందుకంటే మా తాత కూడా చెప్పేవాడు, మన పెద్దలు ఇద్దరన్నదమ్ములని, చిన్నవాడు గోదావరి దాటి మన వైపుకొచ్చాడని. నా దగ్గర ఒక పరీక్ష మిగిలి ఉంది. మా పుట్టింట్లో కాకర పాదు పెట్టరు, అచ్చిరాదు. బజారులో కొనుక్కుని తినొచ్చు గాని, పెరట్లో గింజ వేయకూడదు. ఇట్లాంటి పట్టింపు ఇంటింటికీ వేరుగా ఉంటుంది. చేతులు కడుక్కునే వంకతో పెరట్లోకి పోయి చూశాను. చిక్కుడు ఉంది, బీర ఉంది, సొర ఉంది. కంచె మూలన, దేవుడా, పచ్చగా నవనవలాడుతూ కాకర తీగ!

"వదినా, కాకర భలే కాసింది!" అని అరిచాను. నా సంతోషం చూసి ఆమె ఆశ్చర్యపోయింది.

"అది పక్కోళ్లది వదినె, కంచె మీదికెల్లి గిటు పాకింది. మాకు పెట్టరాదు, అచ్చిరాదు."

నేను అక్కడే గట్టు మీద కూర్చున్నాను.

చీకటి పడే వేళ సమ్మయ్య నడిమింట్లో గోడ చూపించాడు. పెత్రమాస అమావాస్యకు చనిపోయిన పెద్దలకు అక్కడే విస్తళ్లు వేస్తారట. మొదటిది ఎల్లవ్వకు, రెండోది వీరయ్యకు. ఎల్లవ్వ వీరయ్య భార్య. మా ఇంట్లో మొదట మగవాళ్లకే వేస్తారు. ఆ తేడా గమనించాను గాని, దిగులులో దాని వెంట పడలేదు. ఎందుకంటే అప్పుడే సమ్మయ్య అసలు బాంబు వేశాడు.

"పొద్దుగాల ఒడిబియ్యం పోసి తోలిస్తం చెల్లె. ఆడపడుచు ఇన్నేండ్లకొచ్చింది, ఉత్తగ పంపుతమా?"

పుట్టింటికొచ్చిన ఆడబిడ్డ ఒడిలో పసుపు కలిపిన బియ్యం, కొబ్బరి కుడకలు పోసి పంపడం మాకూ వాళ్లకూ ఉన్నదే. దానికి నేను ఒడి పట్టానంటే వీళ్లు నా పుట్టింటివాళ్లని నలుగురి ముందు ఒప్పుకున్నట్టు. శ్రావ్య చేతికి రాఖీ నేనే ఇచ్చినట్టు. వద్దంటే ఇంత ప్రేమగా అన్నం పెట్టినవాళ్ల ముఖం మీద కొట్టినట్టు. ఆ రాత్రి వాళ్లు నాకు ఇచ్చింది ఇంట్లో అన్నిటికంటే మెత్తని పరుపు. నిద్ర మాత్రం రాలేదు.

మర్నాడు ఏడింటికి పోహా, టీ. ఏడున్నరకు చాప వేశారు. పక్కింటి ఆడవాళ్లు ఇద్దరొచ్చారు. లక్ష్మి పళ్లెం నిండా పసుపు బియ్యం తెచ్చి, "కూకో వదినె, ఒడి పట్టు" అంది. నేను కూర్చోలేదు.

"నాకు పోయొద్దు" అన్నాను.

లక్ష్మి చేతిలో పళ్లెం కిందికి దిగింది. "ఏం తక్కువ చేసినం వదినె?" అంది. ఆమె కళ్లలో నీళ్లు చూసి నేను ఇంక ఆగలేకపోయాను. శ్రావ్య సంగతి, రాకేశ్ సంగతి, అన్నయ్య పంతం, కాకర పాదు మీద నా ఆశ, అంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. మీరు మా వాళ్లు కాకూడదని మొక్కుకుంటూ వచ్చానని కూడా చెప్పాను. చెప్పాక సిగ్గేసింది.

సమ్మయ్య మంచం మీద కూలబడ్డాడు. "పోరడు గింత పని చేసిండా?"

లక్ష్మి మాత్రం పళ్లెం కింద పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. "గిందుకా నిన్నటి సంది గంత పరేషాన్ అయితున్నవ్!" మొగుడి వైపు తిరిగింది. "నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?"

"బర్రెకు కుడితి పెట్టాలె" అని సమ్మయ్య లేచి పెరట్లోకి పోయాడు.

"మొదటి ఇస్తరి ఎల్లవ్వకు ఎందుకేస్తరని అడగకపోతివి" అంది లక్ష్మి. "ఇల్లు ఆమెది. పొలం ఆమెది. ఇప్పలమెట్ల అన్న పేరు ఆమె నాయినది. ఆయనకు కొడుకులు లేకుండె. తమ్ముడేమొ గోదావరి ఆవలికి పోయి మళ్ల రాకపాయె. వీరయ్య ఇల్లరికమచ్చిండు. ఆయన గంపలోళ్ల పిలగాడు. కాకర పెట్టొద్దని చెప్పింది గూడ ఎల్లవ్వనే."

"పులి?"

"పులి లేదు, ఏం లేదు. అత్తగారు బండి పంపితే అండ్ల కూసొని వచ్చిండు."

నేను వేళ్లు మడిచి లెక్కపెట్టాను. నది దాటిన తమ్ముడు మా ముత్తాతకు తండ్రి. ఎల్లవ్వ ఆయన అన్న కూతురు, అంటే మా ఇంటి ఆడపడుచు. పేరు మాది మోస్తున్నా సమ్మయ్యది గంపల వాళ్ల వంశం. ఆడపడుచు సంతానానికీ మాకూ ఉండేది మేనరికం. శ్రావ్య, రాకేశ్ అన్నాచెల్లెళ్లు కారు, వరసైన బావామరదళ్లు. ఇంకోసారి లెక్కపెట్టాను. మళ్లీ అదే వచ్చింది. లక్ష్మిని పట్టుకుని ఊపేశాను.

అన్నయ్యకు ఫోన్ చేస్తే నమ్మలేదు. "నీకు ఆ పిల్ల మీద ప్రేమ, ఏదైనా చెప్తావు. ఇల్లరికం సంగతి ఇంటి పెద్ద నోటితో చెప్పమను."

పెరట్లోకి వెళ్లాం. కుడితి ఎప్పుడో అయిపోయింది, సమ్మయ్య బర్రె పక్కన ఊరికే నిలబడి ఉన్నాడు. ఊళ్లో నలుగురు కూర్చున్న చోటల్లా ఆయన వీరయ్య పులికథ చెబుతాడని లక్ష్మి నాతో అప్పుడే అంది. ఫోన్ చాపితే అందుకోకుండా తువ్వాలుకు చేతులు తుడుచుకోసాగాడు.

"నీ కొడుకు పెండ్లి కావాల్నా, పులి కావాల్నా?" అంది లక్ష్మి.

సమ్మయ్య ఫోన్ అందుకుని గొంతు సవరించుకున్నాడు. "నమస్తే బావా. మా ముత్తాత... ఇల్లరికమచ్చిండు." అవతల అన్నయ్య, ఇల్లరికమేనా బావా అని అడిగినట్టున్నాడు. సమ్మయ్య ముఖం వికసించింది. "అవు బావా, ఇల్లరికమే. గని పులి మాత్రం నిజం." ఇంక ఫోన్ నా చేతికి రాలేదు. నిండు గోదావరి మొదటి నుంచి మళ్లీ ఈదడం మొదలైంది.

సంచి సర్దుకుంటూ, "ఇప్పుడు పోయండి ఒడిబియ్యం" అన్నాను లక్ష్మితో.

ఆమె పళ్లెం వెనక్కి లాక్కుంది. "ఇగ నీకెట్ల పోస్తం? ఎల్లవ్వకు పుట్టింటోళ్లు మీరు. మీరే మాకు పొయ్యాలె. ఆమె బతికున్నన్నాళ్లు గోదావరి ఆవలికెల్లి ఒక్కరన్న వచ్చి ఆమె ఒడి నింపిండ్రా?"

నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. పెళ్లయ్యాక నేను వదిలేసిన పేరును ఇక్కడ ఒక ఆడది వదలకుండా పట్టుకుని, మొగుడికీ పిల్లలకూ ఇచ్చి, దుబాయి దాకా పంపింది. మా వాళ్లు ఒక్కరూ ఆమె గడప తొక్కలేదు. నడిమింట్లో ఆ గోడ ముందు నిలబడితే నాకు ఏడుపొచ్చింది. పళ్లెంలోంచి దోసెడు బియ్యం తీసి అక్కడ పోయబోతే లక్ష్మి చెయ్యి పట్టుకుంది.

"మా బియ్యం మాకే పోస్తవా? చెల్లది. మీ ఇంటికెల్లి తెచ్చి పొయ్యాలె."

తొమ్మిదిన్నరకు సమ్మయ్య ఆటో దాకా వచ్చాడు. నిన్నటి మర్యాద అంతా పోయింది. "పైలం మరదలా! వంతెన మీద పులి ఎదురైతే నా పేరు చెప్పు" అని ఆటోలో అందరికీ వినపడేలా అరిచాడు.

ఏనుగులను చూడనే లేదు. మీరు వెళ్తే చూడండి, అహేరి బస్సు పొద్దున్నే పట్టుకోవాలి. సిరొంచలో లాడ్జి ఎట్లా ఉంటుందో కూడా నేను చెప్పలేను.

కాళేశ్వరంలో హనుమకొండ బస్సు సిద్ధంగా ఉంది. కండక్టరు కార్డు చూసి మా ఆయన ఇంటి పేరు మీద సున్నా టికెట్టు కొట్టాడు. మహదేవ్‌పూర్‌లో నిన్నటి ఆమే ఎక్కింది, ఈసారి కోళ్లు లేవు. నన్ను గుర్తుపట్టి జాగ్రత్తగానే కూర్చుంది.

"సుట్టాలు లేకుంటే బాగుండంటివి. ఎవలింటికి పోయొస్తున్నవ్?"

"పుట్టింటికి" అన్నాను.

ఆమె నా ఒళ్లోకి, సంచిలోకి తొంగి చూసింది. "పుట్టింటికి పోతే మరి ఒడిబియ్యం పొయ్యలేదా?"

"లేదు. మేమే తీసుకపోయి పొయ్యాల్నట" అన్నాను.