పైడిరాజు గారు వేసిన జాయింటు

పోయిన వారం మా ఫ్లాట్‌లో గీజరు పనిచెయ్యకపోతే ఒక ఎలక్ట్రీషియన్ వచ్చాడు. బోర్డు విప్పే ముందు స్క్రూడ్రైవరు పిడితో గోడ మీద టక్, టక్ మని కొడుతూ, చెవి ఆనించి వింటూ మెల్లగా పక్కకి జరిగాడు. లోపల పైపు ఎటు పోయిందో చూసుకుంటున్నాడు. వంటింట్లో పోపు వేస్తున్నదాన్ని స్టవ్ కట్టేసి వచ్చి గుమ్మంలో నిలబడిపోయాను. ఆ చప్పుడు విని చాలా ఏళ్ళయింది. గోడని అలా తట్టి, అది చెప్పేదాకా ఓపిగ్గా వినే మనిషిని నేను అంతకు ముందు ఒక్కరినే చూశాను. మల్కాపురంలో మేము అద్దెకున్న ఇంటి యజమాని పైడిరాజు గారు.

ఆయన పోర్టులో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. భీమిలి అవతల పల్లె నుంచి వచ్చి, తొంభైల మొదట్లో ఆ ఇల్లు కట్టుకున్నారు. వైరింగంతా సెలవు రోజుల్లో తన చేతులతోనే చేసుకున్నారు. పైన ఆయనా, ఆయన భార్య పిన్నిగారూ ఉండేవారు. కింది వాటా మాది. మాది తణుకు వైపు. మా ఆయన శ్రీనివాస్‌కి పోర్టులో క్రేన్ల సెక్షన్‌లో ఉద్యోగం. ఇంట్లో దిగిన రోజునే నేను వంటింటి బోర్డు చూపించి, "ఈ మూడో స్విచ్చి దేనిది బాబాయి గారూ?" అని అడిగాను. ఆయన కాసేపు దానివంక చూసి, "తెల్దమ్మా" అన్నారు. "వైరింగు చేసింది మీరే కదండీ!" అన్నాను నవ్వుతూ. "నానే సేసినాను. గేపకం లేదు. రేపు సూసి సెప్తాను." మర్నాడు పొద్దున్నే టెస్టరుతో వచ్చి, గంటసేపు వెతికి, "ఇది దేనికీ కాదమ్మా. పెరట్లో బల్బుండేది, తీసేసినాము" అని చెప్పి వెళ్ళారు. అంత అనుభవం ఉన్న మనిషి ఒక స్విచ్చి గురించి తెలీదని ఎలా ఒప్పుకుంటారా అని నాకు వింతగా అనిపించింది.

నేను పెరిగిన పద్ధతి వేరు. ఇంటర్‌కి ఈ ఊరొచ్చి చేరిన ద్వారకా నగర్ కోచింగ్ సెంటర్లో మా లెక్కల మాస్టారు రోజూ అనేవారు, "ఖాళీ వదిలారో, సున్నా. ఏదో ఒకటి రాసి రండి" అని. అలా రాసే నేను చాలా పరీక్షలు గట్టెక్కాను. తర్వాత ఉద్యోగం కూడా ఆ ద్వారకా నగర్‌లోనే, మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఆఫీసులో దొరికింది. ఎక్కడో విదేశాల్లో డాక్టర్లు రోగుల్ని చూసి రికార్డు చేసిన మాటల్ని చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని, టైపు చేసి పంపాలి. వినపడని చోట ఖాళీ వదిలితే మార్కులు తగ్గేవి. నేను పెద్దగా వదిలేదాన్ని కాదు.

పెళ్ళయ్యాక రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారి ఆసుపత్రి నుంచి ఉత్త చేతులతో వచ్చాక నేను ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. మళ్ళీ నన్ను మనుషుల్లో పడేసింది ఆ ఉద్యోగమే. మూడోసారి నాలుగో నెలలో డాక్టరమ్మ గారు, "బస్సెక్కకూడదు. బాత్రూముకి తప్ప మంచం దిగకూడదు" అని చెప్పినప్పుడు సంతోషమూ, భయమూ, ఉద్యోగం పోతుందన్న దిగులూ ఒక్కసారే వచ్చాయి. మా ఆఫీసులో క్వాలిటీ చూసే మాధురి మేడమ్, "ఒక నెల ఇంటి నుంచి చేసి చూడు సునీతా. ఫైళ్ళు టైముకి వస్తే కొనసాగిద్దాం. రాకపోతే నేనేమీ చెయ్యలేను" అన్నారు. ఆ మాత్రం అవకాశం ఇవ్వడమే గొప్ప.

చిక్కంతా ఇంటితో వచ్చింది. ఫోను లైనూ, దాంతో వచ్చిన వైఫై డబ్బా రెండూ ముందు హాల్లో ఉన్నాయి. పడకగది ఇంటికి వెనక, వంటిల్లు దాటాక, తర్వాత కలిపి కట్టింది. మధ్యలో రెండు రాతిగోడలు. మంచం మీద లాప్‌టాప్ తెరిస్తే వైఫై ఒక గీత చూపించి, అదీ పోయేది. హాల్లో పడుకుందామంటే బాత్రూము వెనక గదికి ఆనుకుని ఉంది. శ్రీనివాస్ పొడుగు వైరు తెచ్చి వంటింట్లోంచి నేల మీద లాగాడు. మూడో రోజు అది నా కాలికే తగిలి తూలాను. గోడ పట్టుకుని ఆగాను. శ్రీనివాస్ అప్పటికప్పుడే వైరు చుట్టి అటక మీద పడేశాడు. గోడకి కన్నం వేద్దామని అడిగితే పైడిరాజు గారు తల అడ్డంగా ఊపారు. "లోపల నీళ్ళ పైపులున్నాయి బాబూ. ఎటెల్లినాయో నాకే గేపకం లేదు. గుడ్డిగా ఏత్తే ఇల్లంతా తడిసిపోద్ది."

అప్పుడు శ్రీనివాస్ స్నేహితుడొకడు, ఓడ మీద పనిచేసేవాడు, సింగపూర్ నుంచి రెండు తెల్లటి డబ్బాలు తెచ్చిపెట్టాడు. ఒకటి హాల్లో ప్లగ్గుకి పెట్టి ఆ వైఫై డబ్బాకి కలపాలి. రెండోది పడకగది ప్లగ్గులో పెడితే, గోడల్లోని కరెంటు తీగల్లోంచే ఇంటర్నెట్ వచ్చి, అక్కడ మళ్ళీ వైఫై అవుతుందట. నేను నమ్మలేదు. పైడిరాజు గారు మాత్రం నమ్మారు. "మా సబ్‌స్టేషన్లోళ్ళు పెద్ద లైన్ల మీదే ఫోను మాటాడుకునీవోరమ్మా. కరెంటెల్లీ తీగ మీదే మాటా ఎల్లేది. అదే ఇంట్లోకొచ్చినాది, అంతే" అన్నారు, కళ్ళజోడు సర్దుకుంటూ.

ప్లగ్గు కాళ్ళు మన సాకెట్లకి పట్టలేదు. కన్వర్టర్లు తెచ్చారు. దీపం వెలగలేదు. పైడిరాజు గారు మీటరు దగ్గరికి వెళ్ళి చూసి, ముందు గదీ వెనక గదీ వేర్వేరు ఫేజుల మీద, అంటే వేర్వేరు కరెంటు తీగల మీద ఉన్నాయని, రెంటినీ ఒకదాని మీదికి మార్చారు. పచ్చదీపం వెలిగింది. మేము చప్పట్లు కొట్టాం. కాసేపటికి ఆరిపోయింది. మళ్ళీ వెలిగింది. మళ్ళీ ఆరింది. శ్రీనివాస్ విసుగెత్తి, "సింగపూర్ సరుకు కూడా ఇంతే" అన్నాడు. పైడిరాజు గారు ఒక కాగితం, పెన్సిలు నా మంచం పక్కన పెట్టి, "అది ఆరిపోయినప్పుడల్లా ఇంట్లోన ఏటేటి నడుత్తన్నాయో రాయమ్మా. ఊహించొద్దు. సూసిందే రాయి" అని చెప్పి వెళ్ళారు.

రెండు రోజులు రాశాను. ఆ రెండు రోజుల్లోనే ఒక పని చేశాను. గుండెజబ్బుతో ఉన్న ఒక ముసలాయన ఫైలు. మందు మోతాదు దగ్గర డాక్టరు గొంతు 'ఫిఫ్టీన్' అందో, 'ఫిఫ్టీ' అందో తెలియలేదు. వెనక్కి జరిపి వింటుంటే ఇంటర్నెట్ పోయింది. వచ్చాక టైము అయిపోతోంది. ఫిఫ్టీ అని కొట్టి పంపేశాను. నెల గడువు నా కళ్ళ ముందు ఉంది. అలా కొట్టడం నాకు అలవాటే. కానీ ఈసారి అది లోపల ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

పైడిరాజు గారు నా కాగితం చదివి, "ఫ్రిజ్జు కాదు. మోటారు కాదు. ఈ గదిలోన కూలరు ఏసిన పది నిమిషాలకి పోతంది. ఏదో ఏడెక్కుతంది" అన్నారు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, శ్రీనివాస్ చేత మంచం పక్కకి జరిపించి, స్క్రూడ్రైవరు పిడితో గోడ తట్టడం మొదలుపెట్టారు. మంచం తలాపు ఉండే చోట చప్పుడు మారింది. మెయిన్ ఆపేసి, సున్నం గీకితే కింద ఒక చిన్న మూత బయటపడింది. అది తియ్యగానే గదంతా కాలిన వాసన. తీగల మీది టేపు కరిగి కారిపోయింది. తీగలు నల్లగా, చిదుగుల్లా ఉన్నాయి. మూత బిగించిన చెక్క ముక్క బొగ్గయిపోయింది. నా దూది తలగడ దానికి జానెడు దూరంలో ఉండేది.

పైడిరాజు గారు నేల మీద కూర్చుండిపోయారు. శ్రీనివాసే ముందు తేరుకుని, "పాతబడిపోయి ఉంటుందండీ. ఎవరేం చేస్తారు" అన్నాడు. పెద్దాయనకి దారి ఇద్దామని.

"పాతబడి కాదు బాబూ. తప్పుగా ఏసినాను" అన్నారాయన. "ఈ గది కలిపినప్పుడు రాగి తీగ అయిపోనాది. ఇంట్లోన అల్యూమినియం ముక్కుంటే దానికీ దీనికీ కలిపి మెలేసేసినాను. ఆ జాయింటు ఏడెక్కుద్ది, అలగ ఏయకూడదని మా సెక్షన్లో కుర్రోళ్ళకి నానే సెప్పీవోడిని. రేపు మార్సేద్దామనుకున్నాను. ఈలోగా సున్నం కొట్టేసినారు. మర్సిపోనాను." తర్వాత నా వైపు తిరిగారు. "సునీతమ్మా, నీ తలకాడ నిప్పెట్టినాను. తప్పైపోనాది."

ఆయన చెప్పకపోతే ఆ సంగతి మాకు జన్మలో తెలిసేది కాదు. ఎలకలు కొరికాయంటే నమ్మేవాళ్ళం. నాకు కోపం రావలసింది. రాలేదు. నా చేతులు పొట్ట మీద ఉన్నాయి. ఇంకా అన్నీ ఉన్నాయి, ఏమీ కాలిపోలేదు అన్న ఒక్క సంగతే నా బుర్రకి ఎక్కుతోంది. ఆయన ఆ మధ్యాహ్నమే కొత్త రాగి తీగ తెచ్చి, హాలు నుంచి మంచం దాకా లాగారు. అంతటితో ఆగలేదు. వరసగా నాలుగు రోజులు కిందా పైనా ఇంట్లో ఉన్న ప్రతి బోర్డూ, ప్రతి మూతా విప్పారు. పిన్నిగారు, "ఇల్లంతా పీకేత్తన్నావేటి?" అని కేకలేస్తే, "ఒకటి తప్పేసినోడు రెండోది ఏయలేదని ఏటి నమ్మకం?" అన్నారు. ఇంకెక్కడా తప్పు దొరకలేదు.

పచ్చదీపం మళ్ళీ ఆరలేదు. కూలరు తిరుగుతున్నా, మిక్సీ తిరుగుతున్నా అలా వెలుగుతూనే ఉంది. పడుకున్న చోటి నుంచి ఫైళ్ళు గబగబా వెళ్ళిపోతున్నాయి. నాకు మాత్రం అన్నం సహించలేదు. మూత తీసిన గోడ కళ్ళ ముందు కనిపిస్తూనే ఉంది. నేనూ ఒక చోట సున్నం కొట్టేసి కూర్చున్నాను. అది ఎవరి తలగడ దగ్గరుందో కూడా నాకు తెలియదు. గోడ విప్పిన మర్నాడు పొద్దున మాధురి మేడమ్‌కి ఫోను చేశాను.

"మొన్నటి ఫైల్లో ఒక మోతాదు ఊహించి రాశాను మేడమ్. పదిహేనో, యాభయ్యో నాకు వినపడలేదు."

అవతల కీబోర్డు చప్పుడు. "డాక్టరు ఇంకా చూసి సంతకం పెట్టలేదు. నేను వింటాను. ఫోను దగ్గరే ఉండు" అన్నారు. ఆ పది నిమిషాలూ నేను పైకప్పు వంక చూస్తూ పడుకున్నాను. ఫోను మోగింది. "పదిహేను. సరిచేసి పంపాను." ఊపిరి పీల్చుకునేలోపే అడిగారు, "నువ్వు చెప్పకపోతే నాకు కనిపించేది కాదు. ఎందుకు చెప్పావు?"

"మా ఇంటి యజమాని గారు గోడ విప్పారు మేడమ్" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. జరిగిందంతా చెప్పాను. ఆవిడ నవ్వలేదు, తిట్టలేదు. "ఇకనుంచి వినపడని చోట ఖాళీ వదిలెయ్. మార్కులు పోతే పోనీ. ఖాళీని నేను చూడగలను సునీతా, నీ ఊహని చూడలేను" అన్నారు. ఉద్యోగం గురించి అడిగే ధైర్యం నాకు లేదు. ఆవిడే, పెట్టేసే ముందు, "సాయంత్రం ఇంకో నాలుగు ఫైళ్ళు పంపిస్తున్నాను" అన్నారు. ఫోను పెట్టేసి ఏడ్చాను. ఏడుస్తూనే నిద్రపోయాను. ఎన్నాళ్ళకో పట్టిన నిద్ర.

సాయంత్రం పైడిరాజు గారు దీపం ఎలా ఉందో చూడ్డానికి వస్తే ఈ సంగతి చెప్పాను. "సెప్పేసినావా?" అన్నారు. ఆయన ముఖం విచ్చుకుంది. "మంచి పని సేసినావమ్మా. ఇప్పుడు ఆకలేత్తంది కదేటి? నాకూ అలగే. గోడ మూసేసినాకే ముద్ద దిగినాది." మేడ మెట్లు ఎక్కుతూ పిన్నిగారిని కేకేశారు, "బేగి అన్నం ఎట్టు, సునీతమ్మకీ పంపు" అని. ఆ రోజు పిన్నిగారు పంపిన చేపల పులుసుతో రెండుసార్లు కలుపుకుని తిన్నాను.

మా అమ్మాయి నెలలు నిండాకే పుట్టింది. ఆసుపత్రికి చూడ్డానికొచ్చి, పాపని చేతుల్లోకి తీసుకోడానికి ముందు మంచం వెనక ప్లగ్గు బోర్డు దగ్గర వాసన చూసి, చేత్తో తడిమి, "సల్లగుంది" అన్నారు పైడిరాజు గారు. నర్సు వింతగా చూసింది. మేము నవ్వాం. తర్వాత కొన్నాళ్ళకి మేము ఇల్లు మారాం. ఆయన పోయారని శ్రీనివాస్ పోర్టులో విని వచ్చి చెప్పేనాటికి పదో రోజు. పలకరించడానికి వెళితే పిన్నిగారు నా చెయ్యి పట్టుకుని, "ఎవులింటికెల్లినా నీ కతే సెప్పీవోడమ్మా. తన తప్పే సెప్పీవోడు" అన్నారు.

ఇప్పుడు నేను రుషికొండలో ఒక ఆఫీసులో కొత్తవాళ్ళకి శిక్షణ ఇస్తున్నాను. ఈ రోజుల్లో డాక్టర్ల మాటల్ని ముందు యంత్రమే రాసేస్తుంది, మా వాళ్ళు సరిచూస్తారు. యంత్రం ఎక్కడా ఖాళీ వదలదు. వినపడకపోయినా ఏదో ఒకటి రాస్తుంది. కాబట్టి ఖాళీ వదలడం ఇప్పుడు మనుషులే నేర్చుకోవాలి. మొదటి రోజు వాళ్ళకి ఒక అస్పష్టమైన ముక్క వినిపించి రాయమంటాను. అందరూ ఏదో ఒకటి రాస్తారు. నేనూ వాళ్ళ వయసులో రాసేదాన్నే. అందుకే కోప్పడను.

మొన్న సోమవారం ఒక అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. ముఖం పాలిపోయి ఉంది. "మేడమ్, శుక్రవారం పంపిన ఫైల్లో ఒక మందు పేరు నాకు తెలియకుండానే ఓకే చేసేశాను" అంది. నేను కుర్చీ లాగి, "కూర్చో. ముందు ఫైలు తెరుద్దాం" అన్నాను. ఇద్దరం కలిసి విన్నాం. పేరు తప్పే. ఇంకా సంతకం కాలేదు. సరిచేశాం. ఆ అమ్మాయి రెండు చేతులతో ముఖం తుడుచుకుని, పొడుగ్గా ఊపిరి వదిలింది. ఆ ఊపిరి ఎంత బరువుదో నాకు తెలుసు.