ముత్తయ్య సారు మంత్రం

ఊరంతా కూడిన చోట నా పరువు ఎలా పోయిందో చెబుతాను. ఇందులో శత్రువుల చేయి ఏమీ లేదు. మొత్తం నా స్వయంకృషి.

ఎనభైల చివరి మాట. పర్ణశాలకు అవతల, అడవి అంచున ఒక హైస్కూల్లో నేను డ్రిల్లు మాస్టర్ని. మాది తల్లాడ. మెడలో ఈల, కాళ్లకు తెల్ల బూట్లు, ఆటలంటే నేనే అన్న గట్టి నమ్మకం. ఆ ఏడు ఖమ్మంలో శిక్షణకు వెళ్తే ప్లాస్టిక్ పళ్లెం విసిరే కొత్త ఆట ఒకటి చూపించారు. ఎర్ర పళ్లెం ఒకటి సంపాదించి తెచ్చాను. బడి వెనక ఇప్ప, మద్ది, తునికి చెట్లు తొమ్మిదింటికి వెదురు గంపలు కట్టించాను. పళ్లెం గంపలో పడేదాకా విసరాలి, పడ్డాక తర్వాతి చెట్టుకు నడవాలి. తక్కువ విసుర్లలో తొమ్మిదీ ముగించినవాడు గెలిచినట్టు.

ఆటను తెచ్చింది నేను, గెలుస్తున్నది మాత్రం ముత్తయ్య సారు.

ముత్తయ్య సారు మా సైన్సు మాస్టరు. పక్కనే ఉన్న కోయ గూడెం ఆయనది. సన్నగా, కళ్లద్దాలతో, గాలి వీస్తే పట్టుకోవాలనిపించే మనిషి. ఆయన విసిరితే పళ్లెం పెంపుడు పావురంలా గంపలో వాలేది. నేను విసిరితే అలిగిన కోడలు పుట్టింటికి పోయినట్టు పొదల్లోకి పోయేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పళ్లెం వంకరన్నాను. ఇద్దరం ఆడుతున్నది ఒకే పళ్లెంతో అని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

పిల్లలంతా ఆయన చుట్టూ చేరారు. అంతటితో ఆగలేదు. వార్షికోత్సవం నాడు తల్లిదండ్రుల ముందు మేమిద్దరం ఆడాలనీ, గెలిచినవారే పిల్లల జట్టును భద్రాచలం పోటీలకు తీసుకెళ్లాలనీ హెడ్మాస్టరు ప్రకటించారు. డ్రిల్లు మాస్టరుండగా జట్టు వెంట సైన్సు మాస్టరా! ఆ రోజు నుంచి నాకు అన్నం సహించలేదు.

సిగ్గు విడిచి రహస్యమేమిటని ఆయన్నే అడిగాను. ఏమీ లేదనీ, పోయిన విసురు మరిచిపోయి గంపను చూసి విసురుతాననీ చెప్పాడు. ఇంత చిన్న మాటతో అంత గెలుపా? దాస్తున్నాడని తేల్చుకున్నాను.

పొద్దున్నే బడి గంటకు ముందు ఆయన ఒక్కడే సాధన చేస్తాడని తెలిసి, మూడో చెట్టు దగ్గరి పొదలో నక్కాను. ముత్తయ్య సారు వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. గుండె మీద చేయి పెట్టుకుని కోయ భాషలో ఒక మాట అన్నాడు, చిన్నగా నవ్వి విసిరాడు. పళ్లెం గంపలో పడింది. మళ్లీ అదే మాట, ఇంకాస్త గట్టిగా. మళ్లీ గంపలోనే. మూడోసారీ అంతే.

దొరికింది మంత్రం! ఆ నవ్వును భక్తి అనుకున్నాను. లాగులోకి ఎర్రచీమలు పాకుతున్నా తపస్సులోని మునిలా కదలకుండా ఆ మాటను అక్షరం పోకుండా బట్టీ పట్టాను. అర్థం తెలియదు. రెండేళ్లుగా కోయవాళ్ల మధ్య జీతం తింటున్నా ఒక్క ముక్క నేర్చుకోలేదని మనవి.

వార్షికోత్సవం రోజు చుట్టుపక్కల గూడేలన్నీ దిగాయి. మొదటి గంప ముత్తయ్య సారుకు ఒక్క విసురుకే దక్కింది, నాకు ఐదు పట్టాయి. ఇక ఆలస్యం చేయకూడదనుకుని రెండో చెట్టు ముందు కళ్లు మూసుకున్నాను. గుండె మీద చేయి పెట్టుకుని, పదిమందికీ వినపడితే బలం పెరుగుతుందేమోనని గొంతెత్తి మంత్రం చదివాను.

జనమంతా గొల్లున నవ్వారు. ఆ కంగారులో నేను విసిరిన పళ్లెం గంప దాటి వెళ్లి మజ్జిగ బిందెలో మునిగింది.

హాస్టల్లో వంట చేసే కన్నమ్మ కడుపు పట్టుకుని కూలబడింది. హెడ్మాస్టరు ఆమెను అడిగారు. "ఏందమ్మా, సారు ఏమన్నడు?"

కన్నమ్మ కళ్లు తుడుచుకుంది. "'మీరు చీమల పుట్ట మీద కూసున్నరు, జల్దీ లేవండి' అంటున్నడు సార్."

నేను ముత్తయ్య సారు వైపు చూశాను. ఆయన నాకన్నా ఎక్కువ సిగ్గుపడుతున్నాడు.

"పొదల మీ తెల్ల బూట్లు కనవడ్డయి సార్. తెలుగుల పిలిస్తే చిన్నబోతరని, నాల నేనే అనుకున్నట్టు మా మాటల చెప్పిన. రెండేండ్లాయె గద, అర్థమైతదనుకున్న."

చీమలకన్నా ఆ మాటే ఎక్కువ కుట్టింది.

ఓడానని వేరే చెప్పాలా? అయినా ఈల ఊదడం తనకు రాదనే సాకుతో ఆయన భద్రాచలానికి నన్నూ వెంటబెట్టుకుపోయాడు. బయల్దేరే ముందు రోజు చేతిలో పళ్లెం పెట్టి, "మీరు గంప దిక్కు చూస్తలేరు సార్, నా దిక్కు చూస్తున్నరు" అన్నాడు. సరేనని గంపనే చూసి విసిరాను. ఒక్క విసురుకే పడింది! ఆయన చూశాడో లేదోనని వెంటనే తిరిగి చూశాను. తర్వాతి విసురు మళ్లీ పుట్టింటికే పోయింది.

ఆ ఇప్పచెట్టు కిందే తూర్పుకు తిరిగి ఒట్టు పెట్టుకున్నాను. అర్థం తెలియని మాట ఈ జన్మలో జపించను. పరాయివాడి రహస్యం కోసం పొదలో నక్కను. అసూయ సంగతి మాత్రం ఆ ఒట్టులో చేర్చలేదు. అబద్ధపు ఒట్టు మహాపాపం కదా!