మూడో వరసలో భార్య

ఇరవై మూడేళ్లుగా ఆయన ఉద్యోగం ఆర్కెస్ట్రాలో అందరికంటే వెనక నిలబడి లెక్కపెట్టడం. నూట నలభై ఆవర్తాలు లెక్కపెట్టి, కండక్టర్ చేతిలో పుల్ల తనవైపు తిరగ్గానే ట్రయాంగిల్ అనే ఇనప ముక్కోణాన్ని ఒక్కసారి టింగుమనిపించాలి. మళ్లీ లెక్క. వయొలిన్లవాళ్లు పెట్టిన పేరు టింగు మాస్టారు. సంగీతం తపస్సని ఉపన్యాసాలిచ్చేవాళ్లెవరూ ఈ ఉద్యోగం చేసి ఎరగరు.

అలాంటి మనిషికి వైబ్రఫోన్ పిచ్చి. పియానో మెట్లలా పేర్చిన లోహపు పలకలు, వాటికింద గొట్టాలు, గొట్టాల మూతలు తిప్పే బుల్లి మోటారు. మెత్తటి పుల్లతో కొడితే చాలు, నాదం ఉయ్యాలెక్కుతుంది. స్టోరురూములో దుప్పటి కింద పడున్నదాన్ని దులిపి, ఆరేళ్లు సాధన చేసి, మేనేజరు వెంటపడి, చివరికి సోలో సంపాదించాడు.

"ఒక్కసారి చూద్దాం," అన్నాడు మేనేజరు. "అభాసుపాలైతే మాత్రం ఈ పలకల పెట్టె స్టోరుకి, మీరు వెనక్కి. వచ్చే ఏడు సోలోకి పియానో ఆయన్ని పిలుస్తా."

మోటారు బెల్టు తెగితే, దర్జీపని చేసే భార్య తన కుట్టుమిషను బెల్టు ఊడదీసిచ్చింది. "చెడగొట్టుకొచ్చారో, జన్మంతా టింగే!"

సోలోకి ఎంచిన కృతి వైబ్రఫోన్‌తోనే మొదలవుతుంది. ఎవరూ సైగ చెయ్యరు. రిహార్సల్లోనే కండక్టర్ మూడుసార్లు మొత్తుకున్నాడు: "మాస్టారూ, మొదటి పేజీలో నాకు పనిలేదండీ. నా మొహం చూడకండి!"

కచేరీనాడు ఆయన పుల్లలెత్తాడు. కళ్లు కండక్టర్ మీదికే పోయాయి. కండక్టర్ చేతులు కట్టుకుని ఆయన్నే చూస్తున్నాడు. పాత అలవాటు లోపల లెక్క మొదలెట్టింది. ఒకటి, రెండు... ముప్పై దాటింది. నిశ్శబ్దంలో కుట్టుమిషను బెల్టు కుయ్యోమంటోంది. ముందు వరసలో ఓ రసికుడు అదే సంగీతమనుకుని కళ్లు మూసుకుని తలాడిస్తున్నాడు. గుమ్మం దగ్గర మేనేజరు జేబురుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

మూడో వరసలోంచి గొంతు లేచింది: "ఏమండీ! ఇంకా ఎవరికోసం? కానివ్వండి!"

హాలు గొల్లున నవ్వింది. ఆయన ఉలిక్కిపడ్డాడు. ఆ ఉలికిపాటుకే పుల్లలు పలకలమీద పడ్డాయి, పడాల్సిన చోటే పడ్డాయి. ఆపైన ఇరవై నిమిషాలు ఆయన దేన్నీ లెక్కపెట్టలేదు, కండక్టర్‌తో సహా.

చప్పట్లు ఆగాక మేనేజరు తెరవెనక్కి వచ్చాడు. "వచ్చే ఏడూ మీరే. కానీ ఒక్క షరతు."

"బెల్టు మార్పిస్తానండీ."

"బెల్టు ఎలా ఏడిస్తే నాకేం? మూడో వరసలో అదే సీటు మీ ఆవిడకి రాసిపెడుతున్నా. ఆవిడ రాకపోతే తెర లేపను."