బుగ్గారంలో పోర్చుగల్ వైన్

పోర్చుగల్‌లో కొన్న ఎర్ర వైన్ సీసాను కాకినాడలో బావమరిదికి కూడా చూపించకుండా దాచి, బుగ్గారంలో ఉన్న మిత్రుడి ఇంటికి తీసుకెళ్లాను. వాళ్ల నాన్న రాజయ్య తాళ్లు గీసి కల్లు దించుతాడు. ఈ వైన్‌ను కాల్చిన మాంసంతోనో చీజ్‌తోనో తాగాలని నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆయన ఉడికించిన బొబ్బెర గుడాలు నా ముందుకు తోసి, ఎల్లమ్మను తలుచుకుని కాస్త వైన్ నేల మీద వంచాడు. నా ప్రాణం విలవిల్లాడింది.

"ఎప్పటిది కొడుకా గిది?"

"ఏడేళ్ల నాటిది," అన్నాను గర్వంగా.

ఆయన మొహం మాడిపోయింది. "పొద్దుగాల దించిన కల్లే మాపటికి పులుస్తది. ఏడేండ్లదా! నీకెవడో పాడైంది అంటగట్టిండు."

నోట్లో చుక్క వేసుకుని, సీసాను భార్యకిచ్చాడు. "చింతపండు పిసుకకు. చేపల కూరల గిదే పొయ్యి."

మధ్యాహ్నం ఏడుపు మొహంతోనే అన్నంలో ఆ కూర కలుపుకున్నాను. రెండోసారి కూర అడిగింది కూడా నేనే.

బస్సెక్కేటప్పుడు రాజయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. "సీసాలల్లది నమ్మకు కొడుకా. మల్ల పోర్చుగల్ పోతే చెట్టు కాడనే నిలవడి దించుకో."